అటక మీది పెట్టె దించండి
(రైతు సంఘం మండల మహాసభలో చేసిన ప్రసంగం)



మద్దతు ధర గురించి, కరెంటు గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను మన ఇళ్లలో రేకు పెట్టెల్లో పడి ఉన్న పాత కాగితాల సంగతి చెప్తాను. ఇదీ భూమి సంగతే.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. 2004లో పాత ఇల్లు విప్పి కొత్తది కట్టుకునేటప్పుడు మా నాయన పెట్టె బయటపడ్డది. సగం చెదలు తిన్న కాగితాలు. కొన్ని ఉర్దూలో ఉన్నాయి, నాకు చదవరాదు. మా అమ్మ "మీ నాయన పాణం లెక్క దాచుకున్నడురా, పారెయ్యకు" అన్నది. నేను వినలేదు. పాత సామాన్లవాడికి తూకానికి వేశాను. ఎంత వచ్చిందో కూడా యాదిలేదు.

2018లో కొత్త పాసుపుస్తకం వచ్చింది. చూస్తే రెండెకరాలు తక్కువ. ఆఫీసుకు పోతే "ఆధారం ఏది?" అన్నారు. అప్పుడు మా మేనత్త చెప్పింది, ఆ రెండెకరాలు మా తాతకు రక్షిత కౌలుదారుగా వచ్చినవని, ఆ సర్టిఫికెట్ ఆ పెట్టెలోనే ఉండేదని. నకలు కోసం ఇప్పటికీ తిరుగుతున్నాను.

భూమి ఇవాళ కాకుంటే రేపు కొట్లాడి తెచ్చుకుంటాను. కానీ ఆ పెట్టెలో మా ఊరి సంఘం మొదటి మీటింగుల పుస్తకం కూడా ఉండేది. ఎవరెవరు వచ్చారు, ఎవరు ఎంత చందా ఇచ్చారు, ఏం తీర్మానం చేశారు, అంతా మా నాయన చేతిరాత. దానికి ఏ ఆఫీసులోనూ నకలు దొరకదు.

సర్కారు దగ్గర సేత్వార్ ఉంది, 1954-55 ఖాస్రా పహాణీ ఉంది. అవి మనకు కావాలి. అయితే వాటిలో సర్వే నంబరు, పట్టాదారు, శిస్తు లాంటి లెక్కలే ఉంటాయి. ఆ భూమిలో వెట్టి చేసినవాళ్ల పేర్లు ఉండవు. బావి తవ్వినవాళ్ల పేర్లు ఉండవు. నాట్లు వేసిన ఆడవాళ్ల పేర్లు అసలే ఉండవు. పైగా ఆ రికార్డు మన చేతిలో లేదు. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వోల వ్యవస్థ రద్దు చేసి వాళ్ల దగ్గరి రికార్డులు స్వాధీనం చేసుకున్నారు. అక్టోబర్ చివర ధరణి తెచ్చారు. అందులో అనుభవదారు కాలమ్ ఉండేది కాదు. ఏండ్ల తరబడి దున్నినవాడు ఒక్క కాలమ్ తీసేస్తే కనపడకుండా పోయాడు. ఇంట్లో పాత పహాణీ నకలు, శిస్తు రశీదు ఉన్నవాళ్లకు కనీసం చూపించడానికి ఒక కాగితమైనా మిగిలింది.

కాగితం లేనివాళ్ల చరిత్ర ఎట్లా దక్కుతుంది? చాకలి ఐలమ్మను తీసుకోండి. పాలకుర్తిలో కౌలు భూమి కోసం, పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన తల్లి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల దగ్గరికి పోయి, వాళ్ల మాటలు రికార్డు చేసి "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం వేశారు. అందులో ఐలమ్మ చెప్పిన మాటలూ ఉన్నాయి. ఐలమ్మ చనిపోయింది 1985 సెప్టెంబర్ 10న. పుస్తకం వచ్చింది 1986లో. కొన్నాళ్లు ఆగి పోదాంలే అనుకుని ఉంటే ఆ మాటలు మనకు దక్కేవి కావు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాలకు నేలకొరిగిన నాడు పదేళ్లున్న పిల్లలు ఇవాళ తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. మనకు టైము లేదు.

అందుకే ప్రతి గ్రామ కమిటీ ఒక "ఊరి పెట్టె" పెట్టుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. పెద్ద ఖర్చేం లేదు. ఒక రిజిస్టరు, ఒక ఫోను, చదువుకున్న ఇద్దరు పిల్లలు చాలు.

అసలు కాగితం ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి. పగటి వెలుతురులో ఫోటో తీసుకుని అక్కడే తిరిగి ఇచ్చేయాలి. రిజిస్టరులో నంబరు వేసి ఎవరిచ్చారు, ఏ కాగితం, ఏ తేదీ అని రాయాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అక్షరాలు మసకబారతాయి, డాక్యుమెంటుగా పంపాలి. చిరిగిన కాగితానికి టేపు అంటించొద్దు, ల్యామినేషన్ చేయించొద్దు. పాత ఫోటోలుంటే అందులో ఎవరెవరున్నారో పెద్దవాళ్లను అడిగి ఇప్పుడే రాసుకోవాలి.

ఒక్క చోటే దాచొద్దు. 2000 ఆగస్టు వరదకు హైదరాబాద్‌లో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు వచ్చి ఎన్నో పాత పుస్తకాలు తడిసిపోయాయి. అంత పెద్ద సంస్థకే తప్పలేదు. ఊళ్లో ఒక కాపీ, మండల ఆఫీసులో ఒక కాపీ ఉండాలి.

ముసలివాళ్లను మాట్లాడించేటప్పుడు ముందు పేరు, ఊరు, తేదీ చెప్పించి మొదలుపెట్టాలి. చెలకల పేర్లు, పాత విత్తనాల పేర్లు, నాట్ల పాటలు, కరువులో ఏం తిన్నారు, ఎవరి దగ్గర జీతమున్నారు, ఇవన్నీ అడగాలి. ముందుగా కూలీల వాడకు పోవాలి. ఎందుకంటే వాళ్ల పెట్టెల్లో కాగితాలు ఉండవు.

"పాత కాగితాలు బయటికి తీస్తే అన్నదమ్ముల పంచాయితీలు లేస్తాయి" అని ఒక అన్న అన్నాడు. నిజమే, ఆ భయం ఉంటుంది. కాబట్టి ఒక ఇంటి భూమి కాగితం ఆ ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ఎవరికీ చూపించొద్దని నియమం పెట్టుకుందాం. మన సంఘం చేసిన తప్పులు, చీలికలు చెప్పేవాళ్లుంటే అవి కూడా ఉన్నదున్నట్టు రికార్డు చేద్దాం.

మా అమ్మకు ఎనభై దాటాయి. పోయిన నెల కూర్చోబెట్టి, ఆ మొదటి మీటింగులకు ఎవరెవరు వచ్చేవాళ్లని అడిగాను. పదకొండు పేర్లు చెప్పింది. అందులో మూడు ఆడవాళ్లవి. సంఘంలో ఇన్నేళ్లుగా ఉన్నాను, ఆ మూడు పేర్లు ఎన్నడూ వినలేదు. మా ఊరి రిజిస్టరులో మొదటి నంబరు దానికే వేశాను.

ఇవాళ ఇంటికి పోయి అటక మీది పెట్టె దించండి. ఇంట్లో ముసలమ్మ "పారెయ్యకు" అంటే వినండి.

సెలవు.