ఇంటిలో పిజ్జా పిండి

సాయంకాలము ఆఱుగంటల వేళ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి చైతన్యపురి వైపు నడచువారికి రెండు వాసనలు ఎదురగును. ప్రక్కసందులో బండిమీద కాలుచున్న దోసెల వాసన యొకటి. అద్దాల తలుపు తెఱచినప్పుడెల్ల దుకాణమునుండి వెలికి వచ్చు కాలిన మైదా, కరగిన చీజుల వాసన రెండవది. మొదటిది మనకు పుట్టుకతోడనే వచ్చినది. రెండవదానికి మూడు దశాబ్దముల వయస్సు. పిజ్జాలమ్ము అమెరికా సంస్థలలో పెద్దవి రెండును, పిజ్జా హట్ బెంగుళూరులోను, డామినోస్ ఢిల్లీలోను, 1996లో మన దేశమున తొలి దుకాణములు తెఱచినవి. నేడు ఎల్.బి.నగర్ హాస్టళ్ళ వాకిట ఆ చదరపు అట్టపెట్టెలు కనబడని రాత్రి అరుదు.

వాసనలు రెండయినను వాని వెనుకనున్న విద్య ఇంచుమించుగా ఒకటే. పిండిని పులియబెట్టుట, అది ఎప్పుడు సిద్ధమైనదో చేతితో గుర్తించుట. దోసెల పిండి నానవేసి రుబ్బి పులియబెట్టు ఇల్లాలికి పిజ్జా పిండి క్రొత్త శాస్త్రము కాదని చెప్పుటకే ఈ ప్రసంగము. ఈ మాట మాకు పుస్తకమువలన తెలిసినది కాదు, భంగపడి తెలిసికొంటిమి.

మా యిల్లు కొత్తపేటకును ఎల్.బి.నగర్‌కును నడుమ నొక సందులో గలదు. విజయవాడ రహదారియు, నాగార్జునసాగర్ త్రోవయు నగరములో ప్రవేశించునది ఈ వైపుననే కావున, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములు ఇచట మెండు. అట్టి యిండ్లలో రాత్రిభోజనము రెండుగా చీలుట మీరును చూచియే యుందురు. పెద్దలకు జొన్నరొట్టె, పిల్లలకు అట్టపెట్టె. మా యింటిలోను అంతే. అత్తగారు వంటింటిలో, పిల్లలు టెలివిజను ముందర. పెట్టె ఖరీదుకన్న మమ్ము ఎక్కువ బాధించినది ఈ చీలికయే. పిజ్జాను ఇంటనే చేసి అందఱును ఒకచోట కూర్చుండి తినవలెనని తలచి, ఒక డిసెంబరు నెలలో మా చిన్నవాని పుట్టినరోజునాడు నలుగురు పిల్లలను పిలిచితిమి.

చలిదినము కదా, వేడినీరు పోసిన పిండి త్వరగా పొంగునని మేము ఊహించితిమి. పొయ్యిమీదనుండి దించిన నీటిలోనే ఈస్టును కలిపి, మైదాలో పోసి, మూతపెట్టి కూర్చుంటిమి. గంట గడచినది. రెండు గంటలు గడచినవి. పిండి కదలలేదు. పిల్లలు ఆకలిగొని మాటిమాటికి వంటింటిలోనికి తొంగిచూడసాగిరి. తుదకు ఫోను చేసి పెట్టెలే తెప్పించవలసి వచ్చినది. అంతవఱకు మౌనముగా చూచుచుండిన అత్తగారు, గిన్నెలో మిగిలిన నీటిలో వ్రేలు ముంచి చటుక్కున తీసికొని, "చెయ్యి కాలే నీళ్ళల్ల ఏదన్న బతుకుతదా బిడ్డా? దోసెల పిండిల గిట్లనే పోస్తవా?" అని అడిగిరి.

ఆమె ఈస్టును అంతకుముందు చూచి యెఱుగరు. అయినను తప్పెక్కడనో ఒక్క మాటలో పట్టుకొనిరి. ఈస్టు అనునది ప్రాణముగల సూక్ష్మమైన శిలీంధ్రము. దుకాణములో దొరకు గోధుమరంగు రవ్వవంటి పొడిలో అది నిద్రించుచుండును. తడి, కొంచెము వెచ్చదనము, తినుటకు పిండిలోని చక్కెర లభించినచో మేల్కొని బొగ్గుపులుసు వాయువును విడుచును. ముప్పది డిగ్రీల సెల్సియస్‌కు ఇటునటు అది హాయిగా పనిచేయును. ఏబదియైదు, అఱువది డిగ్రీలకు చచ్చును. మా గిన్నెలోని నీరు అంతకు మించియే యుండెను.

మన ఇడ్లీపిండిలో పొంగు తెచ్చువి ముఖ్యముగా బాక్టీరియాలు. వానిని మనము కొని వేయుట లేదు. మినుములతోను బియ్యముతోను అవియే వచ్చుచున్నవి. అవి విడుచు వాయువును మినుముల జిగురు బిగబట్టి యుంచును. గోధుమలో ఆ పని చేయునది గ్లూటెన్. గోధుమలోని రెండు మాంసకృత్తులు, గ్లియాడిన్, గ్లూటెనిన్ అనునవి, నీటితో కలిసి, పిసుకగా పిసుకగా సాగెడి వలవలె అల్లుకొనును. ఆ వలలో గాలిబుడగలు చిక్కుకొని పిండి ఉబ్బును. జొన్నలో ఈ గ్లూటెన్ లేదు. కావుననే జొన్నరొట్టె పొంగించిన రొట్టె కాజాలదు.

పొంగించిన రొట్టె హైదరాబాదునకు క్రొత్తయని కొందఱు తలంతురు గాని, అది సరికాదు. దిల్‌సుఖ్‌నగర్‌కు కొలది కిలోమీటర్ల దూరమున, పాతబస్తీలోని పురానీ హవేలీ చెంత, 1851లో వెలసినదని ప్రసిద్ధిగాంచిన మున్షీ నాన్ దుకాణపు నాలుగు మూలల నాను నగరమంతయు ఎఱిగినదే. పులిసిన గోధుమపిండిని సాగదీసి, మండుచున్న పొయ్యిలోపలి గోడకు అంటించి కాల్చు పద్ధతి యది. నేపుల్సు నగరపు పిజ్జా ఈ నానుకు దూరపు చుట్టమే.

ఇక కొలతలు. మైదా అరకిలో, అనగా 500 గ్రాములు. నీరు 300 మొదలు 320 మిల్లీలీటర్లు. ఉప్పు 10 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్టు చదునుగా ఒక చిన్న చెంచా, అది 3 గ్రాములకు సరిపోవును. పంచదార ఒక చిన్న చెంచా, నూనె ఒక పెద్ద చెంచా. దీనితో తొమ్మిది అంగుళముల పిజ్జాలు నాలుగగును. నేపుల్సువారు పిండిలో నూనెను గాని పంచదారను గాని చేర్చరు. వారి కట్టెల పొయ్యి నాలుగువందల డిగ్రీలు దాటి మండును. పిజ్జా ఒకటి ఒకటిన్నర నిమిషములో కాలిపోవును. మన ఇంటి కరెంటు ఓవెను 250 డిగ్రీలకు మించుట కష్టము. ఎక్కువసేపు కాలవలసిన పిండి ఎండి అట్టవలె కాకుండుటకు నూనె, రంగు తిరుగుటకు పంచదార మనకు తోడ్పడును.

ఈస్టును కొనునప్పుడు పొట్లముమీది తేదీని చూడవలెను. విప్పి తూచి అమ్మునది వలదు. గాలి తగిలి ఎన్నాళ్ళైనదో తెలియదు. అనుమానమున్నచో అరగ్లాసు గోరువెచ్చని నీటిలో చిటికెడు పంచదారతో కలిపి పది నిమిషములు చూడుడు. నురుగు కట్టినచో బ్రతికియున్నది. ఈస్టు, బేకింగ్ పౌడరు, వంటసోడా అను మూడును వేఱువేఱు వస్తువులు. మా ప్రక్కింటివారు ఒకదానికి బదులొకటి వేసి మా కంటె ఎక్కువ బాధపడిరి.

మైదాలో ఈస్టును పంచదారను కలిపి, నీరు పోసి, ముద్ద అయిన పిదప ఉప్పును నూనెను చేర్చుడు. మొదట చేతికి అంటుకొనును. అప్పుడే పొడిపిండి చల్లుట మనకు చపాతీలవలన వచ్చిన అలవాటు, దానిని ఆపుకొనవలెను. పది నిమిషములు మూతపెట్టి వదలివేసినచో పిండి నీటిని పీల్చుకొని తానే దారికి వచ్చును. పిదప ఎనిమిది, పది నిమిషములు అఱచేతి మడమతో నెట్టుచు, మడచుచు పిసుకుడు. చిన్న ముక్క త్రుంచి వ్రేళ్ళతో సాగదీసినప్పుడు చిరుగక, వెలుతురు కనబడునంత పలుచని పొర యైనచో వల సిద్ధమైనట్లే.

తరువాతి ఘట్టము కాలమునకు సంబంధించినది. పుస్తకములు గంట అని వ్రాయును. ఎవరి గంట? మే నెలలో మన నగరమున పగటి ఎండ నలువది డిగ్రీలను తాకును. ఆ వంటింటిలో పిండి ముప్పావుగంటకే రెండింతలగును, ఇంకను ఉంచినచో పులిసి జావగారును. డిసెంబరు రాత్రులందు అదే పిండికి రెండు గంటలును చాలకపోవచ్చును. దోసెలపిండిని వేసవిలో సాయంత్రము రుబ్బి రాత్రికే ఫ్రిజ్‌లో పెట్టుదురు, చలికాలములో దుప్పటి కప్పుదురు. ఆ లెక్కయే ఇచటను వర్తించును. వేసవిలో చల్లని నీరు పోసి, ఈస్టును సగమునకు తగ్గించుడు. చలికాలములో నీరు గోరువెచ్చగా, అనగా చేతికి సుఖముగా నుండవలెను. గిన్నెను తడిగుడ్డతో కప్పి ఉంచుడు. పొంగిన పిండిలో పిండి అద్దిన వ్రేలు గ్రుచ్చినప్పుడు గుంట మెల్లమెల్లగా సగము పూడినచో సరియైన సమయము. వెంటనే పూడినచో ఇంకను ఆగవలెను. అసలే పూడక కూలిపోయినచో మించిపోయినది.

మాకు మిక్కిలి నచ్చినది రాత్రి పద్ధతి. ఈస్టు అరచెంచా మాత్రమే వేసి, ముందునాటి రాత్రి కలిపి, మూతగల డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుట. చలిలో ఈస్టు మెల్లగా పనిచేయును. రుచి మాత్రము బాగుగా పెరుగును. రెండుమూడు దినములు నిలువయుండును. డబ్బా పిండికి రెట్టింపు పెద్దది కావలెను. కాల్చుటకు గంటన్నర ముందు తీసి, ఉండలు చేసి వెలుపల నుంచవలెను.

ఇచట తొందరపాటును గూర్చి ఒక మాట. రొట్టెలు త్వరగా పొంగి గట్టిపడుటకు మైదాలో పొటాసియం బ్రోమేటు కలుపుట ఒకప్పుడు మన దేశములో అనుమతింపబడియుండెను. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2016 మే నెలలో బ్రెడ్డు, బన్ను, పిజ్జా రొట్టె మొదలగు 38 నమూనాలను పరీక్షించి, వానిలో 84 శాతమునందు పొటాసియం బ్రోమేటో, అయోడేటో ఉన్నట్లు వెల్లడించినది. కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ ఆ యేటనే బ్రోమేటును అనుమతుల పట్టికనుండి తొలగించినది. బ్రోమేటు చేయు పనిని ఇంటిలో చేయునది పిసుకుటయు, ఓపికయు. రాత్రియంతయు ఫ్రిజ్‌లో నున్న పిండికి మఱి యే మందును అక్కఱలేదు.

కాల్చుట. ఉండను పిండి చల్లిన పీటమీద ఉంచి, నడిమినుండి అంచుకు వ్రేళ్ళతో అదుముచు వెడల్పు చేయుడు. చపాతీకఱ్ఱ త్రిప్పినచో శ్రమపడి సంపాదించిన బుడగలన్నియు అణగిపోవును. సాగదీయగా వెనుకకు ముడుచుకొనినచో దానితో పెనగులాడక పది నిమిషములు వదలివేయుడు. ఓవెను గలవారు దానిని పూర్తి వేడిలో ఇరువది నిమిషములు ముందుగా కాగనిచ్చి, పది పండ్రెండు నిమిషములు కాల్చవలెను. ఓవెను లేనివారికి బరువైన దోసెపెనమే చాలును. మధ్యరకపు మంటమీద రొట్టెను వేసి, మూతపెట్టి, రెండుమూడు నిమిషములకు బుడగలు లేచిన పిదప తిరుగవేసి, కాలిన వైపున టొమాటో గుజ్జు పలుచగా పూసి, చీజు తురుము, సన్నని ఉల్లి, కాప్సికం చల్లి, మంట తగ్గించి మరల మూతపెట్టుడు. అయిదాఱు నిమిషములకు చీజు కరగును. గుజ్జును ముందే పొయ్యిమీద నీరింకునట్లు ఉడికింపవలెను. పచ్చిరసము పోసిన రొట్టె నడుమ ముద్దగా నుండును. ప్రెషరు కుక్కరులో ఇసుక పోసి కాల్చు పద్ధతిని కొందఱు చెప్పుదురు. ఖాళీ కుక్కరును అంతసేపు కాల్చుట మాకు సమ్మతము కాదు.

మా అత్తగారికి చక్కెరవ్యాధి గలదు. మొత్తము మైదాతో చేసినచో మరల ఆమె వేఱుగా కూర్చుండవలసినదే గదా! కావున మైదా 250, గోధుమపిండి 150, జొన్నపిండి 100 గ్రాములుగా పంచితిమి. జొన్న ఐదింట ఒక పాలు మించినచో వల తెగి రొట్టె విరుగును. జొన్నపిండిని ఎట్లు చేర్చవలెనో ఆమెయే చూపిరి. రొట్టెలకు చేసినట్లే, దానిమీద 100 మిల్లీలీటర్ల మరుగునీరు పోసి, కలియబెట్టి ముద్దచేసి, పూర్తిగా చల్లారనిచ్చిరి. అట్లు చేసిన జొన్నకు జిగి వచ్చును. అది చల్లారిన తరువాతనే తక్కిన పిండ్లను, ఈస్టును, సుమారు 240 మిల్లీలీటర్ల మామూలు నీటిని కలుపవలెను. మేము చంపిన ఈస్టుకును, ఆమె రొట్టెకును నీటి వేడియందలి భేద మెంతటిదో ఆనాడు కన్నులార చూచితిమి. ఇట్లు చేసినంతమాత్రమున పిజ్జా పథ్యమగునని మేము చెప్పుట లేదు. ఆమె ఒక్క ముక్కకు మించి తినరు. వైద్యుని మాట అట్లున్నది.

రెండవసారి నలుగురు పిల్లలను మరల పిలిచితిమి. సరూర్‌నగర్ రైతుబజారునుండి టొమాటోలు తెచ్చి ఉదయమే గుజ్జు ఉడికించితిమి. పిండి గిన్నెమీది గుడ్డ తీసి చూచుటకు మాకు ధైర్యము చాలలేదు; అత్తగారే తీసి, వ్రేలితో నొక్కి, "ఇంక పావుగంట" అనిరి. పావుగంట ఆగితిమి. తన ముక్కమీద ఆమె చీజు వేయనీయలేదు. ఉల్లియు, పచ్చిమిరప కారమును పూసికొనిరి. మా చిన్నవాడు తన పళ్ళెము వదలి ఆ కారపు ముక్కలో కొంత త్రుంచుకొని తిని, కన్నీరు కార్చుచు, మంచినీరు త్రాగి, మరల చేయి చాచెను. ఫ్రిజ్‌లో ఇంకను రెండు ఉండలు మిగిలినవి. మఱునాడు ఉదయము వానిని పెనముమీద ఉత్తగా కాల్చి, పల్లీల పచ్చడితో తింటిమి.