ఊరి నీటికి తగిన షేవింగు సబ్బు

ఉదయమున అద్దము ముందు నిలిచి గడ్డము గీచుకొనుట చాలమందికి విసుగు పుట్టించు పని. డబ్బా నొక్కినంతనే నురుగు వచ్చుటయు, నాలుగు గీతలతో పని ముగియుటయు వారికి పరమసౌఖ్యము. వారిని మేము నిందింపము. ఏడున్నరకు పట్నము బస్సు పట్టుకొనవలసినవానికి నురుగు అందము చూచు తీరిక యెక్కడిది? అయినను, ఇబ్రహీంపట్నము వంటి ఊరిలో సైతము గిన్నెలో బ్రష్షు త్రిప్పి, మెల్లగా నురుగు తీసి, దాని సువాసనను అనుభవించుచు గడ్డము గీచుకొనువారు కొందరు కలరు. వారు వాడునది కంపెనీ సబ్బు కాదు. ఒకరిద్దరు ఇంటిలోనో, చిన్న కొట్టములోనో కూర్చుండి, తూచి, వండి, పోసిన సబ్బు. నేటి ప్రసంగము ఆ సబ్బును గూర్చి.

మన పల్లెలలో గడ్డమునకు సబ్బు వాడుక అంత పాతది కాదు. తలకు కుంకుడుకాయ, ఒంటికి నలుగుపిండి, బట్టకు చవుడు; గడ్డమునకు మాత్రము ఉత్త నీరే. చెట్టు క్రింద పొది విప్పి, చిన్న గిన్నెలో నీరు పోసికొని, చెంపలను వ్రేళ్లతో తడిపి తడిపి, చాలసేపు మర్దించి, పిదప కత్తిని తోలుపట్టీపై నాలుగుసార్లు త్రిప్పి గీచువారు మన నాయీబ్రాహ్మణులు. ఆ మర్దనమును కొందరు వృథాకాలక్షేపముగా తలచిరి గాని, దానిలో శాస్త్రమున్నది. వెండ్రుక నీటిని పీల్చుకొని మెత్తబడుటకు రెండు మూడు నిమిషములు పట్టును. తడిసిన వెండ్రుకను కోయుటకు కత్తిపై అంత బలము పెట్టనక్కరలేదు. సబ్బునురుగు చేయు పనియు ఇదియే. అది నీటిని చెంపపై జారిపోకుండ పట్టియుంచును. కత్తికిని చర్మమునకును నడుమ జారుడు కల్పించును.

ఇచ్చట శ్రోతలకు ఒక హెచ్చరిక చేయవలెను. చేతితో చేసినదంతయు షేవింగు సబ్బు కాదు. స్నానపు సబ్బునే గుండ్రని డబ్బాలో పోసి, పైన అందమైన చీటి యంటించి, రెండింతల వెలకు అమ్మువారు కలరు. కొబ్బరినూనె సబ్బు పెద్ద పెద్ద బుడగలు తీయును. కొబ్బరినూనెలో దాదాపు సగము లారిక్ ఆమ్లమగుటచే అట్లు జరుగును. ఆ బుడగలు చేతులు కడుగుకొనుటకు చక్కగా పనికివచ్చును గాని, చెంపపై నిమిషములో ఆరిపోవును. రెండవ గీతకు చర్మము మండును. గడ్డమునకు కావలసిన నురుగు మీగడ పెరుగువలె చిక్కనిది, కంటికి బుడగ కనబడనంత సన్ననిది. దానిని ఇచ్చునది స్టియరిక్ ఆమ్లము. కొవ్వులలో దాగియున్న ఈ ఆమ్లములను విడదీసి లోకమునకు చూపినవాడు షెవ్రోల్ అను ఫ్రెంచి రసాయనవేత్త. ఆయన గ్రంథము 1823లో వెలువడినది. మంచి షేవింగు సబ్బులో కొవ్వుల తూకమున సగమువరకు స్టియరిక్ ఆమ్లమే యుండుట కద్దు. క్షారములోను భేదమున్నది. స్నానపు సబ్బునకు కాస్టిక్ సోడా వేయుదురు. దానితో బిళ్ల గట్టిపడును. షేవింగు సబ్బునకు కాస్టిక్ పొటాష్ ఎక్కువగను, సోడా తక్కువగను వేయుదురు. పొటాష్ సబ్బు మెత్తనిది, నీట త్వరగా కరగునది. తడి బ్రష్షు తాకినంతనే లొంగును.

ఇబ్రహీంపట్నములో మా మిత్రులొకరు కలరు. రసాయనశాస్త్రము బోధించి విశ్రాంతి పొందినవారు. కొన్నేండ్లుగా తమకును, ఇద్దరు ముగ్గురు స్నేహితులకును మాత్రమే సబ్బు వండుచున్నారు. వారి వంట చూచుటకు మేము పలుమార్లు వెళ్లితిమి. వంటయింటిలోనికి మాత్రము వారికి ప్రవేశము లేదు, గృహిణి శాసనము. పెరటి వసారాలో ఒక కాటా, రెండు స్టీలు గిన్నెలు, ఒక కట్టెగరిటె, కళ్లద్దములు, రబ్బరు తొడుగులు. మనము సిల్వరు అని పిలుచు అల్యూమినియము గిన్నె ఆ వసారాలో కనబడరాదు; క్షారము దానిని తినివేయును. క్షారమును నీటిలో మెల్లగా వేయవలెను గాని, క్షారముపై నీరు పోయరాదు. అది ఒక్కసారిగా ఉడికి ముఖముపైకి చిమ్మును. ఈ మాటను వారు పాఠశాలలో చెప్పినట్లే, విన్నవారికే మరల మరల చెప్పుదురు.

స్టియరిక్ ఆమ్లము దాదాపు 69 డిగ్రీల వేడికి కరగును. దానిలో క్షారజలము పోసిన క్షణముననే గిన్నెలోనిదంతయు బిగిసి, ఉడికించి మెదిపిన ఆలుగడ్డవలె నగును. క్రొత్తవారు ఇచ్చటనే భయపడి పారబోయుదురు. మిత్రులు తొణకక గిన్నెను మరుగునీటిపై నుంచి కలుపుచుందురు. గంట, గంటన్నర గడచునప్పటికి ఆ ముద్ద కరగి, వ్యాజలైనువలె నిగనిగలాడును. పెద్ద కర్మాగారములు సబ్బునుండి గ్లిజరినును విడదీసి వేరుగా అమ్ముకొనుట పరిపాటి. చేతివంటలో అది సబ్బులోనే నిలిచిపోవును. మిత్రులు పైగా మరికొంత చేర్చుదురు. చివరకు ఒక చుక్క ఫినాఫ్తలీన్ వేసి చూతురు. ఎఱ్ఱబారినచో స్వేచ్ఛాక్షారము మిగిలియున్నదని అర్థము. వంట మరల మొదలు. కత్తి నడచిన చెంప ఎంత సుకుమారమో తెలిసినవారికి ఈ చాదస్తము అవసరమనిపించును.

నూనెల విషయమున మన నేలకు కొరత లేదు. పాలమూరు, నల్లగొండ, రంగారెడ్డి చెలకలలో ఆముదము చిరకాలముగా పండిన పంట. దానిలో పదింట తొమ్మిది పాళ్ల వరకు రిసినోలిక్ ఆమ్లము. నురుగునకు నునుపును, నిలుకడను ఇచ్చుటలో దానికి సాటి లేదు. వేసవిలో మనము తిని పారవేయు మామిడిటెంకలోని జీడినుండి వచ్చు కొవ్వులో అయిదింట రెండు పాళ్లు స్టియరిక్ ఆమ్లమే. పాశ్చాత్య దేశములలో పెక్కు చిన్న తయారీదారులు గొడ్డుకొవ్వును మెచ్చుకొందురు. అది హిందువునకు పనికిరాదు. పందికొవ్వు ముసల్మానునకు పనికిరాదు. బొంబాయిలో అర్దేషిర్ గోద్రెజ్ నూరేండ్ల క్రిందటనే చెట్టునూనెలతో సబ్బు చేసి స్వదేశీ సరకుగా అమ్మినారు. కనుక మన మిత్రులకు ఆ దారి ముందే వేసియున్నది.

ఇక నీటి మాట. ఈ ఊరి పేరును, పెద్దచెరువును 1550 నుండి 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాను స్మరింపజేయును. చెరువుండియు, ఇండ్లలో బహుకాలము వాడినది బోరుబావి నీరు. నల్లరాతి పగుళ్లలో నిలిచిన ఆ నీట కాల్షియము, మెగ్నీషియము లవణములు మెండు. కృష్ణానది నీరు గొట్టములలో వచ్చిన పిదప త్రాగుటకు కష్టము తగ్గినది గాని, స్నానపుగదిలోని కుళాయికి పైకప్పు ట్యాంకునుండి వచ్చునది నేటికిని అనేక గృహములలో బోరునీరే. కప్పు తీసిన బకెట్టు అంచున తెల్లని చార కట్టుట మనమందరము ఎరిగినదే. ఈ నీటితో సబ్బు కలిసినపుడు మొదట ఆ లవణములు సబ్బును పట్టుకొని, నీట కరగని తెట్టుగా మార్చును. అవి తీరిన పిదపనే నురుగు. మేము ఒకసారి విదేశమునుండి వచ్చిన, మిక్కిలి ప్రసిద్ధి గల సబ్బును ఈ నీటితో గిలకొట్టి చూచితిమి. బ్రష్షు త్రిప్పి త్రిప్పి చేయి నొచ్చినది. గిన్నెలో మిగిలినది పలుచని తెల్లనీరు. అదే సబ్బు వాననీటితో నిమిషములో మీగడ కట్టినది. సబ్బు చెడ్డది కాదు. దానిని చేసినవాడు వేరొక నీటిని ఎరిగినవాడు, అంతియే.

మిత్రులు దీనికి కనుగొనిన ఉపాయము మనకు వంటింట దొరకునదే: నిమ్మ ఉప్పు. క్షారజలములో దానిని కరగించినచో పొటాషియము సిట్రేటు ఏర్పడును. అది కాల్షియమును తానే పట్టుకొని సబ్బు జోలికి పోనీయదు. అయితే నిమ్మ ఉప్పు కొంత క్షారమును తినివేయును. పది గ్రాములకు దాదాపు తొమ్మిది గ్రాముల పొటాష్ అదనముగా వేయవలెను. ఆ లెక్క తప్పినచో సబ్బు జిడ్డుగా మిగులును. ఈ లెక్కలన్నియు వారు ఒక బౌండు నోటుపుస్తకములో వ్రాసిపెట్టినారు: ఏ నెల, ఏ నీరు, ఎంత ఆముదము, నురుగు ఎన్ని నిమిషములు నిలిచినది. వేసవి పేజీలలో వట్టివేరు, పచ్చకర్పూరము. చలికాలపు పేజీలలో చందనము. మే నెలలో బోరునీరు వెచ్చగా వచ్చు ఉదయమున ఆ కర్పూరపు నురుగు చెంపపై పెట్టుకొనినవారికి దాని సుఖము తెలియును. ఎక్కడో అన్ని ఊళ్లకును కలిపి ఒక్క తీరున చేయు సబ్బునకు మన బోరునీటి సంగతి యెట్లు తెలియును?

ఖర్చు సంగతి కూడ చెప్పవలెను. దినమునకు ఒక గ్రాము మించి అరుగదు. నూరు గ్రాముల బిళ్ల మూడు నెలలు దాటి వచ్చును. వెల వినినపుడు ఉలికిపడువారు ఈ భాగహారము చేసికొందురు గాక. వాడుక సులభమే: బ్రష్షును తడిపి, విదిల్చి, బిళ్లపై అరనిమిషము త్రిప్పి, గిన్నెలో చుక్కచుక్కగా నీరు చేర్చుచు గిలకొట్టవలెను. తొందరపడి ఒక్కసారిగా నీరు పోసినవారికి నురుగు దక్కదు.

బస్టాండు సమీపమున క్షౌరశాల నడుపు ఒకాయన ఈ సబ్బును చూచి ముచ్చటపడి ఆరు బిళ్లలు అడిగినాడు. మిత్రులు ఇయ్యలేదు. లోభము చేత కాదు. మన దేశమున 1940 నాటి ఔషధముల చట్టములోనికి 1962లో సౌందర్యసాధనములను చేర్చినపుడు సబ్బును మినహాయించిరి. 1982 సవరణతో ఆ మినహాయింపు తొలగినది. 2020లో వచ్చిన నియమముల ప్రకారము కూడ అమ్మకమునకై సబ్బు చేయువారు లైసెన్సు పొందవలెను. దానికి పరిశుభ్రమైన తగిన స్థలము, పరికరములు, అర్హత గల వ్యక్తి, పరీక్షలు కావలెను. చట్టము తప్పని మేము అనము. క్షారము మిగిలిన సబ్బు ఎవరి చెంపనైనను కాల్చగలదు. కాని నెలకు ఏబది బిళ్లలు వండు వసారాకును, పెద్ద కర్మాగారమునకును ఒకే గుమ్మము పెట్టినచో, వసారావారు గుమ్మము వెలుపలనే నిలిచిపోవుదురు. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ సబ్బులు చేయించి తన పేరున అమ్ముచున్నది. విడివిడిగా ఎవరికిని సాధ్యము కానిది ఒక సంస్థ నీడలో సాధ్యమైనది. ఒక్కొక్క మండలమున లైసెన్సు గల ఉమ్మడి కొట్టము ఒకటి యున్నచో, మహిళాసంఘములును, మా మిత్రుల వంటివారును అందులో వంతులవారీగా వండుకొనవచ్చునని మా అభిప్రాయము.

మిత్రుల వయస్సు డెబ్బది దాటినది. వారి పిల్లలు దూరదేశమున నున్నారు. వారికి ఈ నోటుపుస్తకముతో పనిలేదు. క్షౌరశాలవాని కుమారుడు ఇంటర్మీడియేటులో రసాయనశాస్త్రము చదివినవాడు. మంగళవారము దుకాణమునకు సెలవు గనుక, ఆనాడు ఉదయముననే వసారాకు వచ్చి కాటా ముందు కూర్చుండుచున్నాడు. మేము పోయినసారి వెళ్లినపుడు పొటాష్ తూచుచున్నది ఆ పిల్లవాడే. మిత్రులు కళ్లద్దములు సవరించుకొని, నిమ్మ ఉప్పు లెక్కను అతనిచేత రెండవసారి చేయించుచుండిరి.