నిత్యము పత్తాలాడువాని చిత్తస్థైర్యము



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము పత్తాలాట. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దమంజరియు బాలవ్యాకరణమును జెప్పిన వానికి పత్తాలతో నేమి పని యని మీలో గొందఱు నవ్వుదురు గాక. కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో సాయంకాలము నలుగురు పెద్దలు గూడిన యరుగుమీద పత్తాలకట్ట యుండుట వింత కాదు. ఆట మంచిదా చెడ్డదా యను వాదము మనము చిన్ననాటినుండియు వినుచున్నదే. ప్రతిదినము నాడువాడు విసుగు జెందక, వెఱ్ఱి యెత్తక, తన బుద్ధిని దనయొద్ద నెట్లు నిలుపుకొనవలెనో చెప్పువారు మాత్రము అరుదు. నేను జెప్పదలచినది యదియే.

ముందుగా చట్టపు మాట చెప్పి ప్రక్కకు బెట్టెదను. నిజాము కాలమున ఫసలీ 1305 నాటి జూదపు చట్ట మొకటి యుండెను. ఆ చట్టము క్రింద సికింద్రాబాదులోని యొక క్లబ్బుపై నడచిన వ్యాజ్యెము సుప్రీంకోర్టువఱకు బోయెను. 1967వ సంవత్సరము నవంబరులో న్యాయమూర్తులు, రమ్మీ కేవలము అదృష్టపుటాట కాదనియు, పడిన ముక్కలను జ్ఞాపక ముంచుకొనుటకును, ఏది యుంచి యేది పాఱవేయవలెనో తెలియుటకును నేర్పు వలయుననియు దీర్పు జెప్పిరి. మూడుముక్కలాటను వారు అదృష్టపుటాటగానే యెంచిరి. తరువాత 1974లో క్రొత్త చట్టము వచ్చెను. 2017లో తెలంగాణ ప్రభుత్వము దానిని సవరించి, సెల్‌ఫోనులలో డబ్బొడ్డి యాడు రమ్మీని సైతము నిషేధించెను. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము దేశమంతటికి నట్టి చట్టమునే చేసెను. కావున మన గ్రామములవారికి నేను జెప్పునదంతయు పందెము లేని యాటను గూర్చియే.

మన జిల్లాలకు పత్తాలు క్రొత్తవి కావు. నిర్మల నకాషీ చిత్రకారులు కొయ్యబొమ్మలతోపాటు గంజీఫా యను గుండ్రని పత్తాలను గూడ రంగులతో వ్రాసెడివారు. దశావతార గంజీఫాలో అవతారమున కొక రంగు. రంగునకు రాజు, మంత్రి, ఒకటి మొదలు పదివఱకు అంకెలు, వెరసి పండ్రెండు. మొత్తము 120 పత్తాలు. పగటియాటకు రాముని రంగు మొదలు, రాత్రియాటకు కృష్ణుని రంగు మొదలు. ఆ యాటలో నేపుణ్యమంతయు జ్ఞాపకముననే కలదు. ఏ రంగులో పెద్ద పత్తాలు వెడలిపోయినవి, ఎవనియొద్ద నేది మిగిలినది యని 120 పత్తాలకు మనస్సులో లెక్క నడుపువాడే గెలుచును. ఒక్క నిమిషము వీథిలోని బండివైపు చూచినచో లెక్క తప్పును. అవధానము చేయువానికిని వీనికిని నాకు దూర మగపడదు.

ఇక నీ ప్రసంగమునకు గారణమైన సంగతి. నాయొద్ద జదివిన పిల్లవా డొకడు, జగిత్యాల ప్రాంతపువాడు, ఇపుడు అమెరికాలో నుద్యోగము చేయుచున్నాడు. అక్కడ గొన్ని రాష్ట్రములలో పోకరు అను పత్తాలాట చట్టమున కొప్పినదే. వాడు వారమునకు రెండు రాత్రులు దప్పక యాడును. "పంతులుగారూ, మంచి ముక్కలు వచ్చియు ఓడినపుడు నాకు కన్నులు గానరావు. ఒకనాడు తెల్లవాఱువఱకు లేవలేను, మఱియొకనాడు కట్టను జూడగానే రోతపుట్టును. మనస్సు నిలుచు నుపాయ మేమి?" అని వ్రాసెను. ఆట మానుమని యొక్క వాక్యము వ్రాసి ఊరకుండుట సులభము. అడిగినది యొకటి, చెప్పినది యొకటి యగును గనుక నేనట్లు చేయలేదు.

ఆ యాటలో నొక్కొకనికి రెండు ముక్కలు చాటుగా నిత్తురు. నడుమ నైదు ముక్కలు అందఱికిని దెఱచి పెట్టుదురు. 52 ముక్కలనుండి రెండేసి చొప్పున 1,326 విధముల చేయి రావచ్చును. అందు రెండాసులు వచ్చు విధము లాఱే, అనగా 221 ఆటల కొకమారు. మన మూడుముక్కలాటనే లెక్కించినను 22,100 చేతులలో 16,440 చేతులు జత గాని వరుస గాని రంగు గాని లేని వట్టి ముక్కలే. నాలుగు చేతులలో సుమారు మూడు వ్యర్థములన్నమాట! ఇది యెఱిగినవాడు ముక్కలు రాలేదని యేల దుఃఖింపవలెను? నిత్యము పోకరాడువాని పనిలో హెచ్చుభాగము, చేతిలోనివి మారుమాటాడక క్రింద బెట్టి యెదుటివారిని గనిపెట్టుచుండుటయే. విసుగు పుట్టునది యిచ్చటనే. నేర్చుకొనుటకు వీలుగలదియు నిచ్చటనే. రమ్మీలో నయినను ప్రక్కవాడు ఇస్పేటు ఏడు నెత్తుకొనెనా, ఆఠీను రాణిని పాఱవేసెనా యని చూచుచు గూర్చున్నవానికి ప్రొద్దు బరువు గాదు.

వానికి నేను నలోపాఖ్యానమును జదువుమని వ్రాసితిని. భారతము అరణ్యపర్వమున నన్నయభట్టారకుడు తెనిగించిన భాగములోనిదే యా కథ. నలుడు పుష్కరునితో నెలల తరబడి జూదమాడెను. పౌరులు వాకిట నిలిచిరి, దమయంతి బ్రతిమాలెను. వాడు తల యెత్తలేదు. మనమందఱమును చెప్పుకొను భాగమిది. నాకు ముఖ్యమైనది తరువాతిది. బాహుకుడై రథము దోలుచుండగా ఋతుపర్ణుడు దారిలో నొక చెట్టును జూచి దాని యాకులను కాయలను లెక్క చెప్పెను. నలుడు రథము నాపి, చెట్టు గూల్చి, కాయలెంచి చూచెను. లెక్క సరిపోయెను. ఆ చెట్టు మన యాదిలాబాదు అడవులలోని తాండ్రచెట్టే. త్రిఫలములలోని తానికాయ దానిదే. పూర్వము పాచికలుగా వాడినవియు నా కాయలే. ఋతుపర్ణునివలన అక్షహృదయము నేర్చినంతనే కలి విషము గ్రక్కుచు నలుని దేహము వీడెను. లెక్క లోపలికి వచ్చెను, కలి వెలికి బోయెను! ఫ్రాన్సు దేశమున పాస్కలు, ఫెర్మా యను పండితులు జూదపు లెక్కలను జాబులలో జర్చించుకొనినది 1654లో. మన కథకు డంతకు నెంతో పూర్వమే, ఆటగానికి పట్టిన భూతమునకు మందు గణితమే యని కనిపెట్టినాడు. మరల పుష్కరుని బిలిచినపుడు నలు డొక్క పందెమే యాడెను. గెలిచెను, లేచెను, వానిని క్షమించి పంపెను.

లెక్క రానివాని మనస్సును జెఱచు భ్రమ యొకటి కలదు: "ఇన్ని మార్లోడితిని, ఇక గెలుపు రాక తప్పదు" అనునది. 1913 ఆగస్టు 18వ తేదీని మాంటీకార్లో జూదశాలలో చక్రము త్రిప్పగా, గోళి వరుసగా 26 మార్లు నల్లగడిలోనే పడెను. ఇక నెఱ్ఱగడియే యని క్షణక్షణము పందెము పెంచినవారు నిండుగా మునిగిరి. గోళికి వెనుకటి సంగతులు జ్ఞప్తి యుండవు గదా!

ఓటమివలననే మనస్సు చెడునని తలపరాదు. విరాటుని కొలువున ధర్మరాజు కంకుభట్టై యేడాది నిత్యము పాచికలాడెను. గెలిచిన ధనమును రహస్యముగా దమ్ములకు బంచెను. రాజ్యమునే పందెమున బోగొట్టుకొన్నవాడు ఆ యేడాది తొణకలేదు. బృహదశ్వునివలన నతడును అక్షహృదయమును బడసియుండెను. ఉత్తరుడు గెలిచెనన్న వార్త విని విరాటుడు పట్టలేని సంతోషమున పాచికలు తెమ్మనగా, మిక్కిలి హర్షించియున్న వానితో నాడరాదని కంకు డనెను. రాజు వినలేదు. గడియలోపల నా సంతోషము కోపమయ్యెను, పాచిక కంకుని మొగముపై బడెను, ముక్కున రక్తము గాఱెను. ఆటగానికి పొంగు గూడ క్రుంగువలెనే శత్రువు. పోకరాడువారు ఈ స్థితిని "టిల్టు" అందురట. త్రాసుముల్లు ప్రక్కకు ఒఱగినట్లన్నమాట.

ఆచరణకు వానికి నేను వ్రాసినవి కొన్నియే. ఇంటినుండి వెడలకముందే యెంత సొమ్ము, ఎంత సేపు అని కాగితముపై వ్రాసికొనవలెను. ఆట నడుమ వ్రాసినది చెల్లదు. ఇంటిఖర్చు రూకలను ఆట రూకలతో నెన్నడును గలుపరాదు. ఆకలితోను, నిద్రమబ్బుతోను, భార్యతో జగడమాడి వచ్చియు కూర్చుండరాదు. పెద్ద చేయి యోడిన వెంటనే రెండాటలు విడిచి బయటికి బోయి మంచినీళ్లు త్రాగి రావలెను. మన యరుగులమీద రమ్మీకిని ఇది వర్తించును. అచట పోవునది రూపాయలు గాకున్నను ముప్పదియేండ్ల స్నేహములు పోగలవు. ఒక జోకరు నిమిత్తమై పలుకులు మానిన అన్నదమ్ముల నే నెఱుగుదును.

మఱియొకటి గూడ వ్రాసితిని. ప్రతి రాత్రియు నొక పుస్తకమున రెండు గడులు గీయుము. ఒక దానిలో గెలుపోటములు, రెండవదానిలో నీవు చేసిన నిర్ణయము తెలివితో చేసినదా కాదా వ్రాయుము. సరిగా నాడి యోడవచ్చును, తెలివిమాలి గెలువవచ్చును. రెంటిని గలిపి చూచువానికి చదువు రాదు. పరీక్షలో ఎక్కము తప్పుగా జేసియు జవాబు సరిపోయిన పిల్లవానికి నేను మార్కు లిచ్చెడివాడను గాను. వానికా సంగతి బాగుగా జ్ఞాపక మున్నదట.

మొన్న జాబు వచ్చినది. నాలుగు నెలల పుస్తకము చూచుకొనగా, తప్పు నిర్ణయములలో హెచ్చుభాగము రాత్రి పదకొండు గంటల తరువాతివే యని తేలెనట. ఇపుడు పదకొండు కాగానే లేచి, అక్కడ మనకు పగలు గనుక, ఇంటికి నడచుచు తల్లితో ఫోనులో మాటలాడుచున్నాడట.