ఉష్ణమాపకపు లెక్క – శరీరపు లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నమున తాడేపల్లిగూడెములో గాలి వేడిమి 40 డిగ్రీలని పత్రికలో ప్రకటింపబడినదనుకొనుడు. ఆ వేళ మండువాలోగిలి వసారాలో కూర్చున్న తాతగారు ‘ఈ పూట ఫరవాలేదు’ అందురు. రేకుల కప్పు క్రింద బట్టలు కుట్టువాడు ‘తల మాడిపోవుచున్నది’ అనును. చేలో గట్టు వేయుచున్న కూలివానికి మాటాడుటకే ఓపిక లేదు. ముగ్గురి చెంతను గాలి వేడిమిని కొలిచినచో తేడా స్వల్పముగనే యుండవచ్చును; అనుభవమున మాత్రము ముగ్గురివి మూడు లోకములు. ఇందెవ్వరును అబద్ధమాడుట లేదు. ఉష్ణమాపకమును అబద్ధమాడుట లేదు. అది కొలుచునది వేరు, శరీరము కొలుచునది వేరు.

ఆరోగ్యవంతుని లోపలి వేడిమి 37 డిగ్రీల చెంత నుండును. ఊరక కూర్చున్నవాని దేహము సైతము నూరు వాట్ల విద్యుద్దీపమంత వేడిమిని పుట్టించుచుండును. పలుగు, పార పట్టినచో అది కొన్ని రెట్లగును. ఈ జమ యంతయు ఎప్పటికప్పుడు ఖర్చు కావలెను. నిలువ పెరిగినచో ప్రాణాపాయము. ఖర్చునకు దారులు నాలుగు: తగిలిన వస్తువునకు ఇచ్చుట, వీచు గాలికి ఇచ్చుట, చుట్టునున్న గోడలకును ఆకాశమునకును కిరణరూపమున విడుచుట, చెమట ఆర్చుట. వాతావరణశాఖవారు ఎండ తగులకుండ, గాలి ఆడునట్లు తెల్లని పెట్టెలో ఉష్ణమాపకము నుంచుదురు. కావున అది గాలి వేడిమిని మాత్రమే చెప్పును. తక్కిన పద్దులు దాని పుస్తకములో లేవు.

మొదట కిరణముల పద్దు చూడుడు. నిర్మలాకాశమున నడినెత్తి సూర్యుడు చదరపు మీటరునకు ఇంచుమించు 1000 వాట్ల శక్తిని కురిపించును. ఆరుబయట నున్నవానికి ఇది పైనుండి వచ్చు జమ. క్రింద నేల కూడ ఊరకుండదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున తాడేపల్లిగూడెమున వేసిన విమానాశ్రయపు బాటపై ఎండవేళ నడచినవారికి పాదములకు క్రిందినుండి తగులు సెగ ఎట్టిదో తెలియును. ఇంటిలోపల సూర్యుడు కనబడడు గాని, ఎండలో 60 డిగ్రీలకు కాగిన ఇనుపరేకు తానే చిన్న సూర్యుడై నెత్తిపై కూర్చుండును. తాటాకు కప్పులో ఆకుల సందుల నిలిచిన గాలి వేడిని సులభముగ దిగనీయదు. చెట్టు ఆకులు నీటిని ఆవిరిగ విడుచుచు తాము చల్లగ నుండును. అందుచేతనే నీడలన్నియు ఒక్కటి కావు. రేకు నీడ వేరు, వేపచెట్టు నీడ వేరు. సిమెంటు డాబా పగలు దాచుకొన్న వేడిని రాత్రి తిరిగి చెల్లించును. బయట గాలి చల్లబడినను లోపల ఉక్క తగ్గనందున జనులు మంచములు ఆరుబయట వేసికొందురు. పుష్యమాసమున లెక్క తారుమారగును. లోపలను బయటను 20 డిగ్రీలే యైనను, తెల్లవారుజామున చేలో నున్నవాని దేహపు వేడిని ఆకాశమును గాలియును దోచుకొనును; ఇంటిలో నున్నవానిని గోడలు కాపాడును.

ఇక గాలి. చర్మపు వేడిమి 35 డిగ్రీలకు లోపుగ నుండును. వీచు గాలి అంతకన్న చల్లనిదైనచో వేడిని కొనిపోవును. అంతకన్న వేడిదైనచో తెచ్చి ఇచ్చును. వడగాడ్పు చేయునది ఇదియే. అప్పుడు చెమట ఒక్కటే దిక్కు. ఒక గ్రాము చెమట ఆరునపుడు సుమారు 580 కేలరీల వేడిని హరించును. నేలపై కారిపోయిన చెమటవలన ఆ లాభము లేదు.

కొల్లేటి సీమవారు ఈ విషయమును బాగుగ ఎరుగుదురు. పొడి పడమటిగాలి వీచు దినమున మట్టికుండలో నీరు చల్లబడును. తేమగాలి దినమున చల్లబడదు. దేహమును అట్టి కుండయే. తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము దీనిని లెక్కకట్టి చూపును. గాలి 42 డిగ్రీలై తేమ నూటికి 20 పాళ్ళున్నచో తడిగుడ్డ లెక్క సుమారు 24. గాలి 35 డిగ్రీలే యై తేమ 75 పాళ్ళున్నచో ఆ లెక్క సుమారు 31. పత్రికలో చిన్నదిగ కనబడు అంకెయే చెమటకు పెద్ద శత్రువు. అందుచేతనే 1957లో యాగ్లూ, మినార్డు అను శాస్త్రజ్ఞులు అమెరికా సైనిక శిక్షణశిబిరములకై ఆరుబయటి తాపమునకు ఒక లెక్క చెప్పిరి: పదింట ఏడుపాళ్ళు తడిగుడ్డ మాపకమునకు, రెండుపాళ్ళు ఎండలో నుంచిన నల్లని గోళపు మాపకమునకు, ఒక్కపాలు మాత్రమే సామాన్య మాపకమునకు.

ఇది వినోదమునకు చెప్పు శాస్త్రము కాదు. 2003 వేసవిలో నాటి ఆంధ్రప్రదేశమున వేలకొలది జనులు వడదెబ్బకు బలియైరి. 2015లో మరల వేయిమందికి పైగ పోయిరి. వడదెబ్బ ఎండలోనే తగులునను నమ్మకము అపాయకరము. తలుపులు మూసి, గాలియాడని రేకులగదిలో పరుండబెట్టిన ముసలివారికి నీడయే ఉరి కాగలదు. అట్టివారిని చెట్టునీడకో తాటాకు పందిరి క్రిందకో చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, విసరవలెను. బరువుపనిని తెల్లవారుజామునకు మార్చవలెను. దప్పిక కాకమునుపే నీరిప్పించవలెను. ఒళ్ళు కాగి మాట తడబడినవానిని నీటితో తడిపి విసరుచునే ఆస్పత్రికి చేర్చవలెను. స్పృహ లేనివాని నోట ఏమియు పోయరాదు.

ఈ రజతోత్సవ చిహ్నముగ గ్రంథాలయపు ఉత్తరపు గోడకు, ఎండ తగులని చోట, రెండు ఉష్ణమాపకములు వ్రేలాడదీయుట యుక్తము. అందొకదానికి తడివత్తి చుట్టవలెను. ప్రతిదినము రెండు గంటలకు రెండు అంకెలను నల్లబల్లపై వ్రాసినచో చదువరులకే గాక, కూలికి వెళ్ళువారికిని, వారిని పిలుచువారికిని దారి తెలియును. రెండవ అంకె 30 దాటిన దినమున బరువుపని ఆపుట ఊరి కట్టుబాటు కావలెను. పుస్తకములోని విద్య గోడపైకి వచ్చి ఒక్క ప్రాణమును నిలిపినను ఇరువదియైదేండ్ల సేవకు సార్థకత కలుగును.

స్వస్తి.