చదువా, ఊరా, మనిషా?
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సదస్సులో మాట్లాడమని అడిగినప్పుడు, "నేను ప్రొఫెసర్ని కాదు, సాఫ్ట్‌వేర్ రాసుకుని బతికేవాణ్ణి, నన్నెందుకండీ?" అన్నాను. "పిహెచ్.డి.లో చేరి మధ్యలో మానేసినవాళ్ళు కూడా మాట్లాడాలి కదా!" అన్నారు నిర్వాహకులు నవ్వుతూ. నిజమే. ఎలా చదవాలో పూర్తి చేసినవాళ్ళు చెబుతారు. ఎక్కడ చేరకూడదో నాలాంటివాడు చెప్పాలి.

సైన్సులో పై చదువుకు ఫలానా విశ్వవిద్యాలయాన్నే ఎందుకు ఎంచుకున్నావని ఏ విద్యార్థినైనా అడగండి. అప్లికేషన్లో రాసిన కారణం ఒకటుంటుంది, అసలు కారణం ఇంకొకటి. 2002లో నేను మెకానికల్ ఇంజినీరింగ్ ముగించి మెటీరియల్స్ సైన్సు పిహెచ్.డి.కి అప్లై చేసినప్పుడు, "మీ విభాగంలో జరుగుతున్న పరిశోధన నన్నెంతో ఆకర్షించింది" అని రాశాను. అసలు కారణాలు మూడు. ఒకటి, ర్యాంకుల జాబితాలో అది పైన ఉంది. రెండు, మా కాలేజీ సీనియర్ ఒకాయన ఆ ఊళ్ళో ఉన్నాడు, ఎయిర్‌పోర్టుకు వస్తానన్నాడు, గది దొరికేదాకా హాల్లో పడుకోమన్నాడు. మూడు, ఆ ఊళ్ళో మంచు పడదు!

వీటిలో సిగ్గుపడాల్సింది ఏదీ లేదు. కొత్త దేశంలో దిగేవాడికి హాల్లో కాస్త చోటు చిన్న విషయం కాదు. కాని ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోయాను. నాకు నచ్చిన అంశం మీద పనిచేసేవారు ఆ విభాగంలో ఒక్కరే ఉన్నారు. నేను చేరిన ఏడాదికే ఆయన వేరే విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. నేను తెల్లమొహం వేశాను. ఇంకో ఏడాది ఆ ల్యాబూ ఈ ల్యాబూ తిరిగి, మాస్టర్స్ పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరిపోయాను. జీవితం బాగానే గడిచింది. అయినా తెలిసినవాళ్ళ పిల్లలెవరైనా తమ థీసిస్ డిఫెన్సుకు పిలిస్తే, వెళ్ళి వెనక వరుసలో కూర్చుంటాను. మనసు కాస్త పీకుతుంది.

మన పెద్దలు ఏం చూసి వెళ్ళారు? యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్‌లో దిగి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. అంతకు ముందు ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ వ్యాధితో పోయారు. ఆ దుఃఖమే ఆయన్ని ఆ చదువు వైపు నడిపింది. 1940లలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ వ్యాధికి కూడా పనికివచ్చింది. ఇక సి.ఆర్. రావు గారి కథ వేరు. వాల్తేరులో ఎం.ఎ. ముగించి, ఉద్యోగం ఇంటర్వ్యూకని కలకత్తా వెళ్ళారు. ఆ ఉద్యోగం రాలేదు. బస చేసిన హోటల్లో పరిచయమైన ఒక మనిషి ద్వారా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసింది. 1941 జనవరిలో అక్కడ చేరారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకుని, ఆ ఏడాదే 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

ఒకరిది దుఃఖం, ఇంకొకరిది అనుకోని పరిచయం. ర్యాంకు చూసి ఎవరూ వెళ్ళలేదు. అయితే ఇద్దరికీ అక్కడ మనిషి దొరికాడు. హార్వర్డ్‌లో ఫిస్కే, కలకత్తాలో మహలనోబిస్. ఆ దొరకడాన్ని మనం అదృష్టానికి వదిలెయ్యక్కర్లేదు. ముందే అడగవచ్చు.

ఈ మధ్య విశాఖ నుంచి మా మేనకోడలు ఫోన్ చేసింది. "మావయ్యా, కెమిస్ట్రీ పిహెచ్.డి.కి రెండు చోట్ల సీటొచ్చింది, ఎటు వెళ్ళను?" అంది. ఒకటి తూర్పు తీరాన పెద్ద నగరం, పెద్ద ర్యాంకు. రెండోది మిడ్‌వెస్టులో చిన్న ఊరు. వెనక నుంచి మా బావగారు, "పెద్ద ఊరే మేలు. మన వాళ్ళున్నారు, గుడి ఉంది" అంటున్నారు. నేను ఎటూ చెప్పలేదు. నాలుగు ప్రశ్నలు ఇచ్చి, వాటిని ప్రొఫెసర్లతో పాటు అక్కడ చదువుతున్న విద్యార్థులను కూడా అడగమన్నాను.

మొదటిది: నీకు నచ్చిన పని చేసేవాళ్ళు అక్కడ కనీసం ఇద్దరు ముగ్గురున్నారా?

రెండోది: వాళ్ళు ఈ ఏడాది కొత్తవాళ్ళను తీసుకుంటున్నారా? డబ్బు ఎన్నేళ్ళకు ఇస్తామని కాగితం మీద రాశారు? అమెరికాలో సైన్సు పిహెచ్.డి.కి సాధారణంగా ఫీజు మాఫీ చేసి స్టైపెండు ఇస్తారు. కాని 2025లో ఫెడరల్ పరిశోధన నిధులు అనిశ్చితిలో పడినప్పుడు కొన్ని చోట్ల సీట్లు తగ్గించారు. కాబట్టి అడగడం తప్పు కాదు.

మూడోది: స్టైపెండులోంచి ఇంటద్దె తీసేస్తే ఏం మిగులుతుంది? ఎఫ్-1 వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయవచ్చు. అసిస్టెంట్‌షిప్పుకే అవి సరిపోతాయి. పెళ్ళయి వెళితే ఎఫ్-2 మీద వచ్చిన భర్తకో భార్యకో ఉద్యోగం చేసే వీలు లేదు.

నాలుగోది: ఆ ల్యాబులో పాత విద్యార్థులు ఎన్నేళ్ళకు బయటపడ్డారు? ఇప్పుడెక్కడున్నారు?

పిల్ల రెండు చోట్లా విద్యార్థులకు ఉత్తరాలు రాసింది. పెద్ద నగరంలో తనకు నచ్చిన ప్రొఫెసరు ఆ ఏడాది ఎవరినీ తీసుకోవడం లేదని తెలిసింది. చిన్న ఊళ్ళో నచ్చిన ల్యాబులు మూడున్నాయి. "మా గైడు వారానికోసారి నాతో కూర్చుంటారు" అని ఒక విద్యార్థిని రాసింది. మా పిల్ల ఆ ఊరికే వెళ్ళింది.

మొదటి చలికాలం ఫోన్ చేసి, బస్సు కోసం నిలబడితే చెవులు ఊడిపోతున్నాయని ఏడ్చినంత పని చేసింది. "బాగుపడేదాకా చెప్పి పంపావు!" అని మా బావగారు నన్ను దెప్పారు. ఆ మాట పడ్డాను. ఆ తరువాతి నెల మళ్ళీ ఫోన్ చేసింది. "మావయ్యా, నా ప్రయోగం పాడైంది. ఎందుకు పాడైందో గంటసేపు మా గైడు పక్కన కూర్చుని చూశారు" అంది. పాడైన సంగతి అంత సంతోషంగా చెప్పడం నేనెప్పుడూ వినలేదు. తను పూర్తి చేస్తుందో లేదో నేను చెప్పలేను. కాని అడగవలసింది అడిగి వెళ్ళింది.

అమ్మలారా, అయ్యలారా! మనం గుడి ఉందా, మనవాళ్ళున్నారా అని అడుగుదాం, తప్పు లేదు. జ్వరమొస్తే చారన్నం పెట్టేది వాళ్ళే. కాని పిల్లల ప్రశ్నలు కూడా అడగనిద్దాం. స్టైపెండుతో సీటిచ్చినప్పుడు ఏప్రిల్ 15కి ముందే జవాబు చెప్పమని ఒత్తిడి చేయరాదని అనేక విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకున్నాయి. ఆ వ్యవధిని పిల్లలకు వదిలేయండి. "ర్యాంకెంత?" అని పది మందికి ఫోన్లు చేసే బదులు, "అక్కడ ఎవరి దగ్గర పని చేస్తావమ్మా?" అని ఒక్కసారి అడగండి. 2002లో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు.