తెలిసింది చేతికందాలంటే



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆ మాస్టారు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పినవారు. కనుక కరెంటు సంగతితోనే మొదలుపెడతాను.

సీలింగ్ ఫ్యాను స్విచ్చి వేస్తే గుయ్యిమంటోంది గాని తిరగడం లేదు. రెక్కను ఏదైనా కర్రతో కాస్త తోస్తే అందుకుని తిరుగుతోంది. కండెన్సర్ పోయిందని డిప్లొమా కుర్రవాడెవడైనా చెబుతాడు. ఇప్పుడు అదే కుర్రవాణ్ణి బావి మీది త్రీఫేజ్ మోటారు దగ్గరికి తీసుకెళ్లండి. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది. స్టార్టర్ నొక్కితే మోటారు రొద చేస్తుంది, కదలదు. అలాగే వదిలేస్తే వైండింగ్ కాలిపోతుంది. అక్కడ మనవాడు తడుముకుంటాడు. రైతు మాత్రం ఆ కాలిన మోటారును ట్రాక్టర్‌లో వేసుకుని రీవైండింగ్ షాపుకు వెళతాడు.

ఈ రెంటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. ఒంటి ఫేజు వల్ల పుట్టే అయస్కాంత క్షేత్రం ఉన్నచోటే పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. ఆగి ఉన్న రోటరును అది ఏ వైపుకూ తిప్పలేదు. ఫ్యానులో రెండో వైండింగ్ కరెంటును కండెన్సర్ కొంచెం ముందుకు జరపడం వల్ల క్షేత్రం తిరుగుతుంది. పెద్ద మోటారులో ఆ పని మూడు ఫేజులూ కలిసి చేస్తాయి. కుర్రవాడు ఈ రెండు అధ్యాయాలూ చదివాడు, రెంటికీ మార్కులు తెచ్చుకున్నాడు. కాని ఒకచోట నేర్చింది రెండోచోట చేతికి రాలేదు. సమస్యలు పరిష్కరించడం నేర్పాలని మనం అనుకునేటప్పుడు పట్టించుకోవలసింది ఇక్కడే.

ఇది మన పిల్లల తెలివి తక్కువతనం కాదు. 1980లో మేరీ గిక్, కీత్ హోలియోక్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలో కాలేజీ విద్యార్థులకు ఒక కథ చదివించారు. కోటను పట్టుకోవాలి. సైన్యమంతా ఒకే దారిన పోతే ప్రమాదం. సేనాపతి సైన్యాన్ని చిన్న దండులుగా చీల్చి నలువైపుల నుంచీ పంపాడు. తరవాత ఒక సమస్య ఇచ్చారు. కడుపులో కణితి ఉంది, దాన్ని చంపేంత బలమైన కిరణం పంపితే దారిలోని మంచి కండ కూడా చచ్చిపోతుంది, ఏం చేయాలి? కథ అప్పుడే చదివి కూడా చాలామందికి తట్టలేదు. ఆ కథ ఉపయోగపడుతుందేమో చూడండి అనగానే ఎక్కువమంది చెప్పేశారు. జవాబు బుర్రలోనే ఉంది, పిలిచేవాళ్లు లేరంతే.

మరుసటి ఏడు మిచెలిన్ చీ అనే మనస్తత్వవేత్త బృందం భౌతికశాస్త్రపు లెక్కలిచ్చి, ఒక తీరువి ఒకచోట పెట్టమంది. కొత్తగా చదువుతున్నవాళ్లు వాలుబల్ల ఉన్నవి ఒక కుప్పగా, స్ప్రింగు ఉన్నవి మరో కుప్పగా పెట్టారు. ఆరితేరినవాళ్లు శక్తి నిత్యత్వంతో తేలేవి ఒకచోట, న్యూటన్ నియమంతో తేలేవి ఒకచోట పెట్టారు. మన బిట్ పేపర్లు పిల్లల్ని సరిగ్గా మొదటి రకానికే తయారుచేస్తున్నాయి. లెక్క ఆకారం చూడగానే సూత్రం గుర్తుకు రావాలి, అంతే. ఎంట్రన్సుకు అది సరిపోతుందేమో గాని ఉద్యోగంలో లెక్క మీద అధ్యాయం పేరు రాసి ఉండదు.

చివరి ఏడాదిలో క్యాంపస్ సెలక్షన్ల ముందు గడియారాలు, రైళ్లు, రక్తసంబంధాల లెక్కలు చేయించి, దాన్నే ప్రాబ్లం సాల్వింగ్ అంటున్నారు. ఆ పరీక్ష గట్టెక్కడానికి అది కావలసిందే, కాదనను. మోటారు దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం అది అక్కరకు రాదు.

మరి అక్కరకు వచ్చేది ఏది? గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో వెలువరించిన పుస్తకంలో సమస్య పరిష్కారానికి నాలుగు మెట్లు చెప్పాడు: సమస్యను అర్థం చేసుకోవడం, పథకం వేయడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడడం. మన తరగతుల్లో మూడోదే జరుగుతుంది. బర్క్‌లీలో గణితం నేర్పిన అలన్ షోన్‌ఫెల్డ్ మరో సంగతి గమనించాడు. విద్యార్థులు లెక్క చదవగానే తోచిన దారి పట్టుకుని, అది ఎటు పోతోందో చూసుకోకుండా చివరిదాకా పోతారు. అందుకే ఆయన తరగతిలో తిరుగుతూ ఏం చేస్తున్నావు, ఎందుకు, దానివల్ల ఏం తేలుతుంది అని అడిగేవాడు. మొదట్లో పిల్లలు నీళ్లు నమిలేవారు. పోనుపోను తమను తామే ప్రశ్నించుకోవడం అలవాటైంది.

అలాగని ఏమీ రానివాణ్ణి ఒకేసారి లోతు నీళ్లలోకి తోయకూడదు. కొత్తవాళ్లకు, చేసి చూపిన లెక్కలు శ్రద్ధగా చదవడమే ఎక్కువ మేలు చేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్ అనే మనస్తత్వవేత్త బీజగణితంతో చూపించాడు. ముందు చూపించాలి, తరవాత మెల్లగా చెయ్యి వదలాలి.

అధ్యాపక మిత్రులకు నా మనవి ఇది. వారానికోసారి మీరు ముందుగా చూడని లెక్కను పిల్లలనే తెమ్మనండి. బోర్డు మీద పైకి ఆలోచిస్తూ చేయండి. మీరు ఆగిపోయినప్పుడు ఎలా వెనక్కి వచ్చారో వాళ్లు చూడాలి. అది ఏ గైడులోనూ దొరకదు. ల్యాబ్‌లో సరఫరా ఆపి, మోటారు కనెక్షన్‌లో మీరే ఒక లోపం పెట్టండి. టెస్టర్ ముట్టుకోకముందే విద్యార్థి కాగితం మీద రాయాలి: నా అనుమానం ఏమిటి, ఇంతకు ముందు ఇలాంటిది ఎక్కడ చూశాను, ఏ పరీక్ష చేస్తే నా అనుమానం తప్పని తేలుతుంది. ఆ కాగితానికి మార్కులు వేయండి. లోపం దొరక్కపోయినా వేయండి. విశ్వవిద్యాలయం సిలబస్ మార్చేదాకా ఆగనక్కరలేదు, ఇంటర్నల్ మార్కులు మన చేతిలోనే ఉన్నాయి.