వగైరాలో ఎవరున్నారు?



చదువు వచ్చినంక ఇంట్లో ఉన్న కాగితాలు కూడబలుక్కొని చదువుతారు. వాటిలో 'వగైరా' అనే మాట కనిపిస్తుంది.

వగైరా అంటే 'ఇంకా మిగతావి', 'మిగతావారు' అని అర్థం. ఇది అరబ్బీ మాట. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. 'వ' అంటే 'ఇంకా'. 'గైర్' అంటే 'వేరే', 'కాని'. బడికి రాకపోతే గైర్‌హాజరు అంటాం కదా! ఆ గైరే ఇది. నిజాం కాలంలో దఫ్తర్లలో ఉర్దూ నడిచింది. అందుకే భూమి కాగితాల్లో ఇట్లాంటి మాటలు నిలిచిపోయాయి.

చేవెళ్ల, మొయినాబాద్ చుట్టుపక్కల కూరగాయలు, పూలు పండిస్తారు. "టమాట, వంకాయ, బీర వగైరా అమ్మినం" అంటే పేచీ లేదు. అన్నీ చెప్పే పని తప్పుతుంది. కానీ కిరాణా చిట్టీలో "ఉప్పు, పప్పు వగైరా" అని రాసి మొత్తం వేస్తే అడగాలి. ఆ వగైరా ఏమిటి?

భూమి కాగితం ఇంకా పెద్ద సంగతి. పాత పహాణీలో "మల్లయ్య వగైరా" అని ఉందనుకోండి. మల్లయ్య ఒక్కడే కాదు, ఇంకా మనుషులు ఉన్నారని అర్థం. తమ్ముడా? తల్లా? చెల్లెలా? కాగితం చెప్పదు. ఈ రెండు మండలాలు హైదరాబాదుకు దగ్గర. భూమి ధర బాగా పెరిగింది. అమ్మకం నాడు పేరున్న మనిషినే పిలిస్తే, వగైరాలో ఉన్న ఆడబిడ్డ గైర్‌హాజరు అయినట్టే.

చట్టం ఆడబిడ్డను వగైరాలో కలపలేదు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆంధ్రప్రదేశ్ చట్టం హిందూ ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమాన వాటా ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు వచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిన అమ్మకాలు, రిజిస్టరైన పంపకాలు మాత్రం మారవు.

పుట్టింటితో తగవు ఎందుకని చాలామంది ఊరుకుంటారు. పేరు అడగడం తగవు కాదు. వాటా తీసుకోవడమా, అన్నదమ్ములకు వదలడమా అన్నది ఆమె ఇష్టం. వదిలినా తెలిసి వదలాలి.

కాగితంలో వగైరా కనిపిస్తే ఆగండి. "ఇందులో ఎవరెవరున్నారు?" అని అడగండి. పేర్లు, వాటాలు విడివిడిగా రాయించండి. కోర్టుకు పోవలసి వస్తే న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకు ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆదాయం ఎంత అన్న లెక్క ఉండదు.

సంతకం నేర్చిన చేయి, కాగితం చదివినంకనే సంతకం పెట్టాలి.